గిర్ని పెద్దమ్మ పలువరుస

పొద్దున్నే ఫోను మోగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పళ్ళ క్లినిక్‌కి ఎదురుగా పిండి గిర్ని నడిపే పెద్దమ్మ కొడుకు. "డాక్టరమ్మా, అమ్మ పోయింది. రాత్రి పండుకున్నది పండుకున్నట్టే ఉన్నది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "తులసి నీళ్ళు పోద్దామని నోరు తెరిస్తే మీరిచ్చిన ప్లాస్టిక్‌ది కనవడ్డది. తియ్యాల్నా, ఉంచాల్నా?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. నా నోరు అలవాటు కొద్దీ పేషెంట్లకు చెప్పే మాటే చెప్పేసింది. "అది రాత్రిపూట మాత్రమే పెట్టుకోవాలండీ. తెల్లారింది కదా, తీసేయండి." ఫోను పెట్టేశాక ఏం వాగానో తెలిసొచ్చి తల పట్టుకున్నాను. ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో నవ్వాను కూడా. ఆ మాట పెద్దమ్మ చెవిన పడి ఉంటే గల్లీ అంతా తిరిగి చెప్పుకునేది.

మాది గుంటూరు వైపు. ఆమెది నల్గొండ దగ్గర పల్లె. బంధుత్వం లేదు, వరసలు ఆమే కలిపింది. నేను క్లినిక్ తెరిచిన రోజున వచ్చి, కుర్చీ ఎక్కించి దించే మీట తొక్కి చూసి, "మంచిగున్నది బిడ్డా, నా గిర్ని కన్న చప్పుడు తక్కువ" అని వెళ్ళింది. ఆ చప్పుడు సంగతి తర్వాత తెలిసింది. అవతల గిర్ని మొదలైందంటే చాలు, ఇవతల నా కుర్చీలో వాళ్ళు అది నా డ్రిల్లు మోతే అనుకుని నోరు మూసేసేవారు. "అది మీ పంటికి కాదండీ, ఎవరిదో జొన్నపిండికి" అని నచ్చజెప్పలేక చచ్చేదాన్ని.

గిర్నిలో ఆమె మాట శాసనం. ముందు బియ్యం, తర్వాత గోధుమలు, జొన్నలు, అన్నిటికన్నా ఆఖరున మిరపకాయలు. ఎంత పెద్ద మనిషి వచ్చినా ఆ వరస తప్పేది కాదు. "కారం పట్టినంక బియ్యం పోస్తె పిల్లలు తింటరా? లైన్ల పెట్టు డబ్బ" అని అరిచేది. అరిచినప్పుడూ, మాట్లాడినప్పుడూ, నవ్వినప్పుడూ కొంగు ముక్కు మీదుగా నోటికి అడ్డం ఉండేది. మిరపకాయల ఘాటుకని నేననుకున్నాను. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కూడా ఆ కొంగు అలాగే ఉంటే, అక్కడ ఘాటెక్కడిదని ఒక్కనాడూ అనుమానం రాలేదు. పళ్ళ డాక్టర్ని, ఎదురుగా ఉండి ఆ నోట్లో ఏముందో కనిపెట్టలేకపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మీలో చాలామందికి తెలియకపోవచ్చు గనుక చెబుతాను. పెద్దవాళ్ళకు ముందుపళ్ళు మాత్రం సరిచేసే పద్ధతి ఒకటి ఉంది. పిల్లలకు చేసినట్టు ఏళ్ళ తరబడి నోరంతా సర్దేది కాదు. వెనక దంతాల జోలికి పోకుండా, నవ్వితే కనపడే పళ్ళకు పంటి రంగు బిళ్ళలు అతికించి, సన్నటి తీగ బిగించి, ఆరేడు నెలల్లో వరసలోకి తేవడం. అందరికీ పనికిరాదు, చిక్కుగా ఉంటే స్పెషలిస్టు దగ్గరికి పంపాల్సిందే. నేనది నేర్చుకుని వచ్చి బోర్డు కట్టాను. పెళ్ళిచూపులున్నవాళ్ళు, ఉద్యోగం ఇంటర్వ్యూలున్నవాళ్ళు, చైతన్యపురిలో క్లాసులు చెప్పుకునే మాస్టార్లు రావడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి గిర్ని ఆగింది. పెద్దమ్మ వచ్చి కుర్చీలో కూర్చుని కొంగు తీసింది. పై పళ్ళు రెండు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పక్కన ఉన్నది బయటికి తొంగి చూస్తోంది.

"పన్ను మీద పన్నుంటె అదృష్టమన్నది మా అవ్వ. గా అదృష్టమేందో నాకైతె కనవడలె. సాపు చెయ్యి బిడ్డా."

"ఇప్పుడెందుకనిపించింది పెద్దమ్మా?" అని అడిగాను. అందరినీ అడుగుతాను, ఏం కోరి వచ్చారో తెలియాలి కదా. ఆమె లేచి, నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కుపోయింది. గల్లీ మూల మీద ఒక ఫ్లెక్సీ. మా ప్రాంతంలో ఎవరైనా పోతే వాళ్ళ ఫోటో మంచమంత చేసి, కింద శ్రద్ధాంజలి అని రాయించి, దినాలు అయ్యేదాకా రోడ్డు మీద కడతారు. అది పక్క వీధి పెద్దమనిషిది.

"చూడు. గాయన బతికున్నప్పుడు ఎంత నవ్విచ్చెటోడు! ఫోటోల చూడు, కరెంటు బిల్లు కట్టనీకి లైన్ల నిలవడ్డట్టున్నడు. మా ఆయన పోతె లైసెన్సు మీది ఫోటో పెట్టిండ్రు, చలాన రాస్తున్నరేమో అన్నట్టున్నది ముఖం. నాకున్నది ఒక్క ఆధార్ కార్డు ఫోటో. గది పెడితె సూడు, లేశి ఒస్త నేను."

"అవేం మాటలు పెద్దమ్మా! మీరు నూరేళ్ళుంటారు."

"ఉంట. నూరేండ్లకు పండ్లుంటయా? ఉన్నప్పుడే దిద్దాలె. నా ఫ్లెక్సీల నేను పండ్లు కనవడేటట్టు నవ్వాలె. గంతే."

ఇంతకన్నా స్పష్టంగా తన కోరిక చెప్పిన పేషెంటు నాకు తగల్లేదు. చిగుళ్ళు చూశాను, కరెంటు వచ్చాక ఎక్స్‌రే తీశాను. వేపపుల్ల మహిమో ఏమో, ఎముక గట్టిగా ఉంది. నా చేతికి లొంగే కేసే. బిళ్ళలు అతికించి, తీగ బిగించి, గట్టివి కొరకొద్దని చెప్పి పంపాను.

చెప్పాను, సరే, వినాలి కదా. వారం తిరక్కుండా ఒక బిళ్ళ ఊడగొట్టుకుని వచ్చింది.

"ఏం తిన్నారు?"

"ఏం తినలె."

"ఏం తిన్నారు పెద్దమ్మా?"

"సకినం. మెత్తదే."

మెత్తటి సకినాన్ని ఈ భూమ్మీద ఎవరూ చుట్టలేదు. ఇంకోసారి మాంసం కూరలో మూలిగ బొక్క, అదే ఎముక. "నేను కొరకలె బిడ్డా, ఊకె చప్పరిస్తుంటె అదే ఒచ్చి తాకింది" అంది, తప్పంతా మేకదే అన్నట్టు. కూరల్లో పసుపుకి బిళ్ళల మీది తెల్ల రబ్బర్లన్నీ పచ్చబడిపోయేవి. ఎల్బీనగర్‌లో ఉండే వాళ్ళ అక్క అది చూసి, "నోట్ల పసుపు గౌరమ్మను నిలవెట్టుకున్నవానే?" అందట.

ఆ అక్కే ఓ రోజు నా క్లినిక్‌కి వచ్చి, నలుగురు పేషెంట్ల ముందు నన్ను కడిగేసింది. "కాటికి కాళ్ళు జాపినంక పండ్లకు తీగలేందమ్మా? దానికి తెల్వకపోతె నీకన్న తెల్వద్దా?" నేను నోరు తెరిచేలోగా రోడ్డవతలి నుంచి పెద్దమ్మ కేకేసింది. "కాళ్ళు జాపినంక పనికొస్తదనే చేపిచ్చుకుంటున్ననే అక్కా!"

పళ్ళు చెప్పిన మాట విన్నాయి. నెలనెలా తీగ మార్చుకుంటూ పోతే, మొండికేసిన పన్ను కూడా దిగివచ్చి వరసలో నిలబడింది. తీగ తీసేసిన రోజున అద్దం ఇస్తే ఆమె ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నాలుకతో తడుముకుంది. "గడపలు లేని ఇంట్ల తిరుగుతున్నట్టున్నది" అంది.

ఇక అసలు యాతన అప్పుడు మొదలైంది. సరిచేసిన పళ్ళు ఊరుకోవు, పాత చోటికి పోవాలని చూస్తాయి. అందుకని రాత్రిళ్ళు పెట్టుకోవడానికి అచ్చంగా పళ్ళ ఆకారంలో పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఇస్తాం. సంగతి చెబితే, "ఊరిడిశి వొచ్చినోళ్ళెవ్వలైన గంతే బిడ్డా, పానమంత అక్కడనే ఉంటది" అని ఒప్పుకుంది. కానీ ఆ తొడుగు నోట్లోంచి తీస్తే ఎంగిలి. ఎంగిలి వస్తువు ఎక్కడ పెట్టాలి? వంటింట్లోకి రాకూడదు. దేవుడి గది సరేసరి. పక్క మీద పెట్టకూడదు. చివరికి స్నానాల గది కిటికీలో ఒక స్టీలు డబ్బా దానికి ఇల్లయింది. అయినా రోజూ అదే ఎంగిలిని మళ్ళీ నోట్లో పెట్టుకోవడమేమిటని మనసొప్పలేదామెకు. నాతో చెప్పకుండా, సలసల కాగే నీళ్ళలో పసుపు వేసి, అందులో తొడుగు వేసి మడి చేసింది.

మర్నాడు గుప్పిట మూసుకుని వచ్చింది. "గిది గిట్లయింది" అని తెరిచింది. ఎండిన మామిడి వొరుగులా ముడుచుకుపోయి, పచ్చగా, ఏ మనిషి నోటికీ పట్టని వస్తువొకటి అరచేతిలో ఉంది. నేను కోపంతో ఊగిపోయాను. "చల్లటి నీళ్ళతో కడగమన్నానా లేదా?" "ఎంగిలి చల్ల నీళ్ళకు పోతదా?" అని నా మీదికే వచ్చింది. కొత్తది చేసిచ్చాను. ఈసారి ఒప్పందం ఏమిటంటే, పండుకునే ముందు పెట్టుకోవడం, లేవగానే తీసి పళ్ళతో పాటే బ్రష్షుతో తోముకోవడం. "పండ్లతోని పాటంటే అది గూడ పన్నే. పంటికి ఎంగిలేంది?" అని తీర్పు తనే ఇచ్చుకుంది. ఆ తర్వాత ఒక్క రాత్రి కూడా మానలేదు. ఆఖరి రాత్రి కూడా.

పళ్ళు మారాయి గానీ చెయ్యి మారలేదు. నవ్వొస్తే చాలు, కొంగో అరచెయ్యో తనంతట తనే నోటి మీదికి లేచేది. కొత్తపేటలో స్టూడియోకి నేనే తీసుకెళ్ళాను. ఎన్ని తీసినా అన్నిటిలోనూ చెయ్యి అడ్డం. చివరికి రెండు చేతుల మీదా కూర్చోమన్నాను. కూర్చుంది. ఇప్పుడు నవ్వు రాలేదు. నోరు తెరుచుకుని బిగుసుకుపోయింది.

"అమ్మా, జర నోరు దగ్గరికి తీస్కోండి" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"దగ్గరికి తీస్కునేదుంటె గిన్ని నెలలు తీగెందుకు కట్టిచ్చుకుంట?"

నాకు ఓపిక పోయింది. "ఇలా, పెద్దమ్మా, ఇలా నవ్వండి" అని ఆమె ఎదురుగా నిలబడి నా పళ్ళన్నీ బయటపెట్టి చూపించాను. ఆమె కళ్ళు చిట్లించి ముందుకు వంగింది. "బిడ్డా! కింది పండ్లు... నీయి వంకర ఉన్నయి గద!" అంటూనే ఫక్కున నవ్వింది. నిజమే, ఉన్నాయి. ఊళ్ళో వాళ్ళవన్నీ సరిచేస్తూ నావి వదిలేశాను. ఆమె తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుపోయి, ఒళ్ళంతా ఊగేట్టు నవ్వుతోంది. చేతులేమో కిందే ఇరుక్కుపోయాయి. ఫోటోగ్రాఫరు ఆ క్షణం పట్టేశాడు. నా పరువు పోతేనేం, ఫోటో వచ్చింది.

ఆ ఫోటో దాదాపు రోడ్డెక్కకుండా పోయేది. దహనమైన మర్నాడు నేను వెళ్ళేసరికి కొడుకు చేతిలో ఫోను పట్టుకుని బిత్తరపోయి కూర్చున్నాడు. ఫ్లెక్సీ షాపువాడు ఫోటో పంపమంటున్నాడు. వాళ్ళమ్మ అక్క ఒప్పుకోవడం లేదు.

"ఆధార్ కార్డుది పెట్టుండ్రి, గౌరవంగ ఉంటది. పోయినామె పండ్లు ఇకిలిస్తదా? నలుగురు ఏమంటరు?"

"అమ్మకు గిదే ఇష్టం..." అని అతను నసిగాడు.

"నేను చూడ దాన్ని" అని ఆమె మొహం తిప్పేసుకుంది.

పరాయిదాన్ని, మాట్లాడకూడదు. కానీ ఒళ్ళు మండింది. ఆ ఒక్క కోరిక కోసం బొక్కలూ సకినాలూ మానేసిన మనిషి ఆమె. సరే, మానేసినంత పని చేసింది. "అమ్మా, ఆధార్ ఫోటో పెడితే లేచొస్తానని నాతో చెప్పింది" అన్నాను. "పెట్టండి. చూద్దాం."

ఏడుస్తున్న కొడుకు ముక్కులోంచి నవ్వొచ్చేసింది. చాప మీద ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అక్క నన్ను కొరకొరా చూసి, చెయ్యి చాపి ఫోను లాక్కుంది.

చాలాసేపు చూసింది. "కండ్లు మూసుకున్నదేంది?" అంది.

"నవ్వితే మూసుకుపోతాయమ్మా ఆమెకి."

"నాకు తెల్వదు." ఫోను దగ్గరికి తెచ్చుకుంది. "చిన్నప్పుడు పండ్లు బయటికొస్తున్నయని, నోరు మూస్కోవే అని కొట్టెటోళ్ళం. నేనే కొట్టిన. అప్పటిసంది మూస్కునే ఉన్నది." బొటనవేలితో ఆ తెర మీద చెల్లెలి చెంప తుడిచింది. "నా చెల్లె నవ్వితె గిట్లుంటదని గీ ముసల్తనంల చూస్తున్న."

ఆమె కళ్ళు తుడుచుకుని, ఫోను చెల్లెలి కొడుకు చేతిలో పెట్టి, పాత గొంతుతోనే గదమాయించింది. "ఏం చూస్తున్నవ్? పెద్దగ కొట్టియ్యి. గల్లీల ఒక్కటే గాదు, మా ఎల్బీనగర్ సిగ్నల్ కాడ గూడ ఒకటి కట్టాలె."

కట్టారు. నిన్న సాయంత్రం ఆ దారిన వెళుతూ ఎర్ర దీపం దగ్గర ఆగాను. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వెళ్ళే బస్సు, దాని పక్కన బండి మీద ఒక నడివయసాయన, ఆఫీసు నుంచి వస్తున్నాడు కాబోలు, మొహం వేలాడేసుకుని ఉన్నాడు. తలెత్తి ఫ్లెక్సీ చూశాడు. అంత పెద్ద నవ్వు ఎదురుపడేసరికి ఆయన పెదాలు వాటంతట అవే సాగాయి. కిందికి చూసి, శ్రద్ధాంజలి అన్న అక్షరాలు చదివి, గతుక్కుమని మొహం సర్దుకున్నాడు. ఇటూ అటూ చూశాడు. మళ్ళీ మెల్లిగా తలెత్తి పెద్దమ్మ వంక చూశాడు. పచ్చ దీపం పడి వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతున్నా, ఆయన నవ్వుతూ అక్కడే ఉన్నాడు.