ఇస్త్రీ చేసిన జాంబీలు

హోటలు లాండ్రీలో ఆమెను అందరూ ఇస్త్రీ పెద్దమ్మ అంటారు. దుప్పటి మీద ముడత కనిపిస్తే చాలు, కన్నబిడ్డ మొహం మీద మసి కనిపించినట్టు పరుగెత్తుతుంది. బడికి వెళ్లింది మాత్రం తక్కువే. అక్షరాలు కూడబలుక్కుంటూ, వేలు పెట్టి చదువుతుంది. ఆ చదువుతోనే అయిదు లావుపాటి పుస్తకాలు నమిలేసింది. అవి పురాణాలనుకునేరు! ఊరంతా చచ్చి, మళ్లీ లేచి, బతికున్నవాళ్లను పీక్కుతినే జాంబీల కథ.

"నీ వయసుకి ఇవేం పుస్తకాలమ్మా?" అని పక్క బల్ల దగ్గర తువాళ్లు మడతపెట్టే కూతురు దెప్పేది.

"పోయినవాళ్లంతా మంచివాళ్లంటారు కదే. తిరిగొస్తే తెలుస్తుంది వాళ్ల మంచితనం. అయినా చచ్చినా సాధించేవాళ్లు నాకు కొత్తా? మీ నాన్నవైపు చుట్టాల్ని చూడలేదూ?"

ఆ కథలో ఆమెకు ప్రాణమైన మనిషి ఒకతె ఉంది. జనం తలదాచుకున్న గోదాముకి గేటు కాసే ముసలమ్మ. మోకాళ్ల నొప్పులు, చేతిలో ఇనుప గరిటె, నోటినిండా తిట్లు. కండలు తిరిగిన మొనగాళ్లు ఒక్కొక్కరే జాంబీల వాత పడుతుంటే, ముసలమ్మ మాత్రం అయిదో భాగం దాకా గేటు వదల్లేదు. ఆరోదే ఆఖరిది.

తల్లిచేత పని మాన్పించాలని కూతురికి ఎప్పటినుంచో పట్టుదల. ఆవిరిలో ఉడికింది చాలంటే వినదు. చివరికి పందెం కట్టింది. "నీ గేటు ముసలమ్మ ఆఖరిదాకా బతికితే నువ్వు పనికి రా. పోయిందో, మర్నాటి నుంచి ఇల్లు కదలకూడదు."

"సరేనే!" అంది పెద్దమ్మ రోషంగా. అన్నాక గుండెలో రాయి పడింది. ఇంట్లో కూర్చుని గోడలకి ఇస్త్రీ చేస్తుందా మరి?

ఆరో భాగం చేతికి రాగానే ఆగలేక పనిలోకి తెచ్చింది. మంచి పట్టులో ఉండగా మేనేజరు చెప్పుల చప్పుడు వినబడింది. పుస్తకాన్ని పక్కనున్న మాసిన దిండు గలీబులోకి దోపేసింది. ఏళ్ల తరబడి లాండ్రీలో నలిగిన చెయ్యి, మాసిన గలీబు బల్లమీదుంటే ఊరుకుంటుందా? మేనేజరు అటు తిరగ్గానే దాన్ని తీసి ఉతికే బట్టల బండిలో విసిరేసింది.

గుర్తొచ్చేసరికి యంత్రం తిరుగుతోంది.

"నాయనా, ఆపరా! అందులో జాంబీలున్నాయి!"

యంత్రం దగ్గరున్నవాడు ఒక్క గెంతు వెనక్కి గెంతాడు. "ఎన్నున్నాయి పెద్దమ్మా?"

బయటికి తీస్తే పుస్తకం నానిన రొట్టెలా ఉంది. "తుపాకులకి చావనివి సబ్బునీళ్లకి చచ్చాయే!" అని వాడు పకపకా నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. ఇస్త్రీపెట్టె వేడి తగ్గించింది. కాగితం మీద పలచటి గుడ్డ వేసి, పసిపిల్ల ఒళ్లు కాచినట్టు మెల్లగా అద్దింది. కళ్లద్దాలకి ఆవిరి పట్టి అక్షరం ఆనలేదు. ఆరిన కాగితాన్ని ఆరినట్టే కూతురి ముందుకి తోసింది.

"చదువు. ఉన్నదున్నట్టు చదవాలి, నీ పందెం కోసం చంపెయ్యకు."

కూతురు మూలుగుతూ మొదలుపెట్టింది. రెండు కాగితాలయ్యేసరికి మూలుగు పోయింది. ఇంకొన్నయ్యేసరికి "తొందరగా ఆరబెట్టమ్మా" అని తల్లినే తరుముతోంది. ఉతికేవాడు యంత్రాలు వదిలి వచ్చి నిలబడ్డాడు. గేటు విరిగింది. పిల్లలందర్నీ వెనక దారిన పంపేసి, ముసలమ్మ ఒంటరిగా గేటుకి అడ్డం నిలబడింది. గరిటె కూడా విరిగింది. జాంబీలు మీద పడ్డాయి. కాగితం అయిపోయింది.

ఆఖరిది అట్టకి అంటుకుపోయింది.

"పోయిందేమోలేమ్మా..." అంది కూతురు. గెలిచినదాని గొంతులా లేదది.

పెద్దమ్మ అంటుకున్న కాలరుని విడదీసినట్టు, అంచుకి ఆవిరి పట్టి, గోటితో కొంచెం కొంచెంగా లేపింది. ఊడి రాగానే కూతురు లాక్కుంది. తెల్లారిందట. గేటు ముందు శవాల గుట్టట. గుట్ట కదిలిందట. కిందినుంచి ముందు ఒక తిట్టు, తర్వాత ఒక చెయ్యి బయటికొచ్చాయట.

"బతికిందే! అమ్మా, మన ముసలిది బతికిందే!" కూతురు గెంతిన గెంతుకి మడతపెట్టిన తువాళ్లన్నీ నేలమీద పడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది పందెం. నాలిక కరుచుకుంది.

పెద్దమ్మ తీరిగ్గా కళ్లద్దాలు తుడిచి పెట్టుకుంది.

"గెంతింది చాల్లే, ఆ తువాళ్లు ఏరు. అన్నీ మళ్లీ ఉతికించి నా బల్లమీదికే పంపు. రేపొచ్చి చేస్తాను."