వరదొస్తే వెళ్ళే ఇల్లు

మా చిన్నతనంలో... గోదారి ఎర్రబడగానే మా అమ్మ రేవులో పసుపు కుంకుమ వదిలి, ఇంటికొచ్చి మూటలు కట్టేది. మాది ధవళేశ్వరం దిగువన ఏటి మధ్య లంక. వరదొస్తే ఉండడానికి లంకలో ప్రతి ఇంటికీ ఏటిగట్టు అవతల ఒక ఇల్లు ఉండేది. సొంతిల్లు కాదు... వరదకి వెళ్ళే ఇల్లు.

మాకు సూర్రావు గారి ఇల్లు. ఆయనది మా కులం కాదు, చుట్టమూ కాదు. అయినా ఆయనా మా నాన్నా "బావా" అని పిలుచుకునేవారు. వేసవిలో మా లంక గడ్డి ఆయన గేదెలకి, వరదలో ఆయన వసారా మాకు. తాతల నాటి నుంచీ అంతే...

ఒక వేసవిలో ఇద్దరికీ చెడింది. ఆయన గేదెలు మా వంగతోట తొక్కేశాయి. మా నాన్న నలుగురిలో ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టి, గడ్డి వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. మాటలు ఆగిపోయాయి.

ఆ ఏడే పెద్ద వరద.

పొద్దున్నే నీళ్ళు వాకిట్లోకి వచ్చాయి. మధ్యాహ్నానికి అరుగెక్కాయి. పక్కింటివాళ్ళు పడవెక్కుతూ రమ్మన్నారు. నాన్న కదల్లేదు. "ఆ గుమ్మం నేను తొక్కను. అటకెక్కి కూర్చుందాం" అన్నాడు.

మా నాయనమ్మ నడుం పడిపోయి మంచం మీదే ఉండేది. "ఆవిడని అటక ఎలా ఎక్కిస్తారు?" అంది అమ్మ. మంచం కోళ్ళు సగం మునిగాయి...

అప్పుడు అరటితోట మీదుగా ఒక పడవ వచ్చింది. గెడ వేస్తున్నది సూర్రావు గారే.

"ఏం బావా, నీ పొగరు గోదారికి కూడా చూపిద్దామనా?"

"నిన్నెవడు రమ్మన్నాడు?" అన్నాడు నాన్న.

"నీకోసం వచ్చాననుకున్నావేంటి... మా అత్త కోసం వచ్చాను. నువ్వు అటకెక్కి కూర్చో, ఎలకలున్నాయి తోడు."

నాయనమ్మ మంచం మీద నుంచే అడిగింది. "ఏం కూరరా సూర్రావూ?"

"కందా బచ్చలి అత్తా. మా ఆవిడ మీ అందరికీ కలిపి ఎసరు పెట్టేసింది."

"అయితే ముందు నన్ను ఎత్తండిరా. మీరు తరవాత కొట్టుకుందురు గాని."

మంచానికి తలవైపు ఆయన, కాళ్ళవైపు నాన్న. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మంచం మోసిన మనుషుల్ని నేను ఆ రోజే చూశాను.

మమ్మల్ని ఎక్కించి నాన్న వెనక్కి తిరిగాడు. సూర్రావు గారు పిలవలేదు. పడవా కదపలేదు. గెడ నేలకి గుచ్చి నిలబడ్డారు. నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి... అమ్మ ఏడుస్తోంది. చివరికి నాన్న నడుం లోతు నీళ్ళలో నడిచొచ్చి, పడవెక్కి రెండో గెడ అందుకున్నాడు.

భోజనాల దగ్గర సూర్రావు గారి భార్య మాత్రం ఊరుకోలేదు. "గడ్డి ఎవరికిచ్చారో వాళ్ళింటికే వెళ్ళకపోయారా అన్నయ్యగారూ?" అంటూనే నాన్న విస్తట్లో నెయ్యి వేసింది. నాన్న తలొంచుకుని తిన్నాడు. మళ్ళీ వేసవికి గడ్డిమోపులు తనే పడవలో వేసుకెళ్ళాడు.

ఇప్పుడు వరద సంగతి ఫోన్లో ముందే చెబుతున్నారు. ఇంజను పడవలొస్తున్నాయి. బడిలో ఉంచి అన్నం పెడుతున్నారు. మంచిదే. ప్రాణాలు కాపాడేవాళ్ళని నేను తప్పుపట్టను.

మొన్నటి వరదకి నేనూ అలాగే వెళ్ళాను. పేరు రాసుకున్నారు, దుప్పటి ఇచ్చారు. మర్యాదగానే చూశారు. కానీ నేను వెళ్ళకపోతే పడవేసుకొచ్చి మరీ తిట్టే మనిషి అక్కడ ఒక్కరూ లేరు... నాకు నిద్ర పట్టలేదు.

లంకల వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే చెప్పండి... వరదొస్తే మీరు గట్టు అవతల ఎవరింటికి వెళ్ళేవారు? ఆ ఇంటావిడ మీకు ఏం వండిపెట్టేది?