గార కింద పాలు

మంద వెనక కొండవాలుకు పోయిందంటే సుబ్బులు కళ్లు గొర్రెల మీదే ఉంటాయి. మనసు మాత్రం ఎక్కడ తిరుగుతుంటుందో ఎవరికీ తెలియదు. పెద్దారవీడు దాటి, నల్లమల మొదలయ్యే చోట ఉన్న ఆ చిన్న పల్లెలో ఆమెను పరాకు సుబ్బులు అంటారు. పుట్టింది పుల్లలచెరువు పక్క అడవి అంచు ఊళ్లో. మాటలు సరిగా రాకముందే నాయన భుజాలెక్కి మంద వెంట తిరిగింది. మబ్బు నీడ ఒక గుట్ట మీంచి ఇంకో గుట్ట మీదికి పాకుతుంటే, అది ఎవరో పెద్దమనిషి కప్పుకున్న గొంగడి అంచని అనుకునేది. కోటిని పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చి, కూతురు శ్రీదేవిని కని పెంచి, మార్కాపురంలో అత్తారింటికి పంపించింది. ఇన్ని చేసినా ఆ ఆలోచనల తీరు మాత్రం మారలేదు. ఆమె పరాకులో ఉన్నప్పుడల్లా గొర్రెలు పిచ్చయ్య కందిచేలో పడేవి. పిచ్చయ్య కేకలేసేవాడు. ఆయన కేకలు కూడా ఆమెకు దూరంగా, నీళ్లలోంచి వస్తున్నట్టు వినపడేవి.

ఆ వేసవిలో పిచ్చయ్య తన చేను పైగట్టున నీటికుంట తవ్వించాడు. ఆ గట్టు పక్కన పెద్ద పెద్ద బండరాళ్లు గుండ్రంగా నిలబెట్టి ఉంటాయి. రాకాసి గుళ్లంటారు వాటిని. ఎప్పటివారో తమ చనిపోయినవాళ్లను అక్కడ పెట్టుకున్నారని చెప్పుకుంటారు. తవ్వే మిషను తొండం రాళ్ల వరస అంచుకు తగిలి, మట్టితోపాటు కుండపెంకులు పైకొచ్చాయి. వాటిలో ఒక గిన్నె మాత్రం అంచు విరిగినా అడుగు చెక్కుచెదరకుండా ఉంది. బయట ఎరుపు, లోపల నలుపు, ఆ నలుపు మీద తెల్లగా గార. సుబ్బులు దాన్ని చీరకొంగుతో తుడిచి చేతిలోకి తీసుకుంది.

"చచ్చినోళ్ల సామాను సుబ్బులూ, ఇంట్లో పెట్టుకోబాక," అన్నాడు పిచ్చయ్య.

"ఇంట్లో యాడ పెడతా చిన్నాయనా, దొడ్లో పెడతాలే," అంది సుబ్బులు.

అన్నట్టే దొడ్లో పెట్టింది. తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్ల ఒకటి ఉంటే, మేకపాలు పితికి ఆ గిన్నెలోనే పోసేది. పిల్ల మూతి ముంచి తాగుతుంటే, ఇంత నున్నగా ఈ గిన్నెను రుద్దిన చేతులు ఎవరివో అని చూస్తూ కూర్చునేది.

గిద్యోను వచ్చింది ఆ రోజుల్లోనే. గిద్దలూరు కుర్రవాడు. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తాడు. పాత కుండల్లో, పళ్లలో, ఎముకల్లో మిగిలిపోయిన ప్రొటీన్లను వెతికి పట్టుకోవడం అతని పని. తవ్వకాలవాళ్లతో కలిసి రాకాసి గుళ్లు చూడటానికి వచ్చి, మంచినీళ్ల కోసం దొడ్డి దగ్గర ఆగాడు. ఆగినవాడు నీళ్ల మాట మరిచిపోయి గొర్రెపిల్ల ముందున్న గిన్నె వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"అత్తా, ఆ గిన్నె యాడిది?"

"చిన్నాయన చేలో దొరికింది. కుంట తవ్వినారు గదా."

"దాంట్లో ఏం పోసినావు?"

"మేకపాలు. పిల్లకు తల్లి లేదు."

గిద్యోను తల పట్టుకుని అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఎండదెబ్బ తగిలిందేమోనని సుబ్బులు కంగారుపడి చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగి, కాస్త తేరుకుని, అతను గిన్నెను ఒడిలో పెట్టుకుని అడుగున ఉన్న గారను వేలితో తడిమాడు.

"మన నీళ్లకు గార పట్టని కుండ యాడుంది నాయనా," అంది సుబ్బులు. "మా పళ్లకే పట్టింది చూడు."

"ఆ గారే నాకు కావాల్సింది అత్తా. నీళ్లు కాగేకొద్దీ సున్నం పొర మీద పొర పేరుకుంటది. వండినదాంట్లోంచి రవ్వంత ఆ పొరల్లో ఇరుక్కపోతది. మట్టిలో కలిసిందంతా ఎండకూ వానకూ పోతది. సున్నం లోపల ఇరుక్కున్నది మాత్రం ఒక్కోసారి మిగులుతాది."

"ఎన్నేండ్లని మిగులుతాది?"

"ఈ గుళ్లు కట్టి రెండువేల ఏండ్ల పైమాటే. అన్నేండ్లూ మిగిలిందా లేదా అనేది చూడాల. నీ మేకపాలు పైన పడినాయి గదా, కింద పొరల్లో ఏముందో తేలుతాదో లేదో."

ఎట్లా తేలుస్తారని ఆమె అడిగింది. దానికో మిషను ఉందని అతనంటే, అది రుచి చూస్తుందా అంది. గిద్యోను నవ్వాడు. రుచి కాదు, తూకం అన్నాడు. పాలలో ఉండే ప్రొటీన్‌ను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ కాస్త కరెంటు అంటించి గాలి లేని గొట్టంలో పరిగెత్తిస్తారట. అది పరిగెత్తే తీరును బట్టి మిషను దాని బరువు చెబుతుందట. ఏ ముక్క ఎంత తూగిందో చూస్తే అది ఏ జీవానిదో తెలుస్తుందట. ఇంతకుముందైతే ఇంత గార గీకాల్సి వచ్చేదని బొటనవేలు చూపించాడు. ఇప్పుడొచ్చిన కొత్త మిషన్లకు ఆవగింజంత చాలన్నాడు. సుబ్బులు అంతా విన్నది. ఆమెకు మిగిలింది ఒక్క ముక్కే. పాలు ఎప్పటికీ పాలుగానే ఉండిపోతాయన్నమాట, ఎక్కడో ఒకచోట.

మరునాడు పొద్దున్నే గిద్యోను మళ్లీ వచ్చాడు. పోల్చి చూసుకోవడానికి ఆమె మేకల పాలు, గొర్రెల పాలు, ఆమె సొంత కుండలోని గార కూడా కావాలన్నాడు. కోటి పగలబడి నవ్వాడు.

"గొర్రెపాలు ఎవురు పితుకుతారయ్యా? దాని పిల్లకే చాలవు."

సుబ్బులు మాత్రం ఒక ఈనిన గొర్రె పక్కన కూర్చుని, పొదుగు కింద అతనిచ్చిన సీసా పట్టింది. వేళ్లు వాటంతట అవే సర్దుకున్నాయి. చిక్కటి పాలు సన్నగా సీసాలోకి దిగుతుంటే, చాలా ఏళ్లుగా తలుచుకోని ఒక పొద్దు ఆమె ముందుకొచ్చింది. కరువు సంవత్సరం. కోటి ఎక్కడో కూలికి పోయాడు. మేకలన్నీ అమ్ముడుపోయాయి. శ్రీదేవి నెలల పిల్ల, తన రొమ్ములో చుక్క లేదు. పిల్ల చచ్చిపోయిన గొర్రె ఒకటి దొడ్లో అరుస్తుంటే, దాని దగ్గర కూర్చుని ఇట్లాగే పితికింది. కొర్రగంజిలో ఆ పాలు కలిపి, వేలితో కొంచెం కొంచెం పిల్ల నాలికకు రాసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవాల్సిన విషయమని కూడా అప్పుడు తోచలేదు.

గిద్యోను గిన్నెను దూదిలో చుట్టి తీసుకుపోయాడు.

వానలు మొదలయ్యాయి. నల్లమల మీద మబ్బులు దిగి, కొండలు సగం దాకా కరిగిపోయినట్టు ఉండేవి. సుబ్బులు మందను రాకాసి గుళ్ల చుట్టూ మేపుతూ, ఒక బండ మీద గొంగడి కప్పుకుని కూర్చునేది. తుంపరలోంచి చూస్తే ఆ రాళ్ల మధ్య పొగ లేస్తున్నట్టు ఉండేది. ఆ పొగ పక్కన ఒక ఆడమనిషి కూర్చుని గిన్నెలో ఏదో కలియతిప్పుతున్నట్టు అనిపించేది. మొదట్లో ఆమె ముఖం తెలిసేది కాదు. పోనుపోను చేతులు కనిపించాయి, ఆ చేతులకు మసి, మోచేతి మీద కాలిన మచ్చ. పలకరిద్దామంటే ఏ వరసలో పిలవాలో తెలియలేదు. అంత పాతకాలపు మనిషి కాబట్టి అవ్వా అనాలి. కానీ ఆ చేతులు వయసులో ఉన్న చేతులు. చెల్లీ అంటే మరీ చనువైపోతుంది. చివరికి వదినా అని పిలిచింది. వదినైతే కష్టమూ చెప్పుకోవచ్చు, వేళాకోళమూ ఆడొచ్చు.

"వదినా, మీ కాలంలో కూడా గొర్రెలు చేలో పడేవా? మీకూ ఒక పిచ్చయ్య ఉన్నాడా?"

ఆ మాట అంటుండగానే గొర్రెలు నిజంగా కందిచేలో పడ్డాయి. పిచ్చయ్య గట్టు మీద నిలబడి అరిచాడు. సాయంత్రం కోటి విసుక్కున్నాడు. "ఏందే, బతికినోళ్లతో మాట్లాడవు గానీ రాళ్లతో మాటలేంది?" సుబ్బులు నవ్వుకుంటూ గొర్రెలను దొడ్లోకి తోలింది.

దసరా వెళ్లాక గిద్యోను ఫోను చేశాడు. గొంతులో హుషారు ఉంది.

"అత్తా, కింద పొరలో పాలు దొరికినాయి! పాత పాలే. ఆవుపాల లెక్క కనపడతా ఉండాయి."

"ఆవుపాలా?" అంది సుబ్బులు.

"అట్లనే ఉండాది. ఇంకా చూడాల్లే."

ఫోను పెట్టేశాక ఆమెకు ఎందుకో మనసు చిన్నబోయింది. ఆవులున్న ఇల్లంటే కలిగిన ఇల్లు. ఆ కాలిన మచ్చ, మసి చేతులు, అన్నీ తాను అల్లుకున్నవేనేమో. కొన్నాళ్లు ఆ రాళ్ల వైపు మందను మళ్లించలేదు. ఒకరోజు తప్పనిసరై అటు పోయినా, కలిగినింటి గుమ్మం ముందు నుంచి పోతున్నట్టు తల వంచుకుని, పలకరించకుండా దాటిపోయింది.

చలి ముదిరిన రోజుల్లో గిద్యోను స్వయంగా వచ్చాడు. చావిట్లో మంచం మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. తెర మీద సన్నటి గీతలు నిటారుగా లేచి ఉన్నాయి, కొన్ని పొట్టి, కొన్ని పొడుగు. ఎండిన జొన్నచేలో మిగిలిన దంట్లలాగా ఉన్నాయి సుబ్బులుకు.

"ఆవు కాదత్తా. నేను మోసపోయినా," అన్నాడు. "ఆవుదానికీ గొర్రెదానికీ ఒక ముక్కలో ఒకే ఒక్క చోట తేడా. వేల ఏండ్లు పడివుంటే గొర్రె ముక్క ఆ చోటే అరిగి, అచ్చం ఆవు ముక్క లెక్కనే తూగుతాది. మా సారు మిగతా ముక్కలన్నీ మళ్లీ చూడమన్నాడు. చూస్తే అన్నీ గొర్రెవే. నువ్వు పితికిచ్చిన పాలతో పక్కపక్కన పెట్టి చూసినాం."

"మరి నా మేకపాలో?"

"పైపొరలో ఉండాయి. కొత్తవి, ఏమీ అరగలేదు. కిందివి ఎంత అరిగినాయో చూస్తే చాలు, రెండూ ఒకే కాలానివి కాదని తెలిసిపోతాది. పాలతోబాటు ఏదో గింజ కూడా వండినారు. కొర్రో, సామో, అది మాత్రం తేలలేదు."

కోటి మంచం పట్టె మీదికి వంగి తెర వైపు చూశాడు. "గొర్రెలు పితికేవాళ్లా అప్పట్లో? ఏం కర్మ వచ్చిందో."

సుబ్బులు తెర దగ్గరికి జరిగింది. ఆ గీతల్లో ఒక పొడుగు గీత మీద వేలు పెట్టి, దాన్ని పసిపిల్ల నుదురు తడిమినట్టు తడిమింది.

"పసిబిడ్డ ఉన్నదేమో ఆ ఇంట్లో," అంది.

"అది మిషను చెప్పదత్తా. అందరూ ఊరికే పితుక్కుని తాగేవాళ్లేమో కూడా."

"మిషన్ను చెప్పమన్లేదులే నాయనా. నేను అనుకుంటా ఉండా."

అతను తల ఊపాడు. గిన్నె ఇక సర్కారు మ్యూజియంలో ఉంటుందని చెప్పాడు. వ్యాసం అచ్చయితే సాయం చేసినవాళ్లలో ఆమె పేరు కూడా వేస్తామన్నాడు. "మా ఆయన పేరు కూడా వెయ్యి, లేకుంటే అలుగుతాడు," అంది సుబ్బులు. కోటి సిగ్గుపడి మందను విప్పుకుంటానని లేచి బయటికి పోయాడు.

గిద్యోను మార్కాపురం బస్సెక్కాక, కోటి విప్పిన మందను సుబ్బులే తీసుకుని కొండవాలుకు బయల్దేరింది. మధ్యాహ్నపు ఎండ నీరెండలా పలచగా ఉంది. అడవి నుంచి ఎండుగడ్డి వాసన వస్తోంది. రాళ్ల గుండ్రంలోకి ఆమె అడుగుపెట్టలేదు. బయటే, గడప దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది. గొర్రెలు రాళ్ల సందుల్లో దూరి గడ్డి కొరుకుతున్నాయి. కాసేపటికి రాళ్ల నీడలు సాగి ఒకదాన్నొకటి తాకాయి. వాటి మధ్య గాలి మెల్లగా తిరిగింది, ఎవరో పొయ్యి ఊదుతున్నట్టు.

"వదినా," అంది సుబ్బులు. "నిన్ను కలిగినదానివనుకుని ఇన్నాళ్లూ పలకరించలేదు. ఏమనుకోబాక."

గొంగడి దగ్గరికి లాక్కుంది. తర్వాత, పక్కింటామెను అడిగేంత మామూలుగా అడిగింది.

"బిడ్డ బతికిందా?"

పొయ్యి దగ్గర పనిలో ఉన్న మనిషి జవాబు చెప్పడానికి కాస్త ఆలస్యమవుతుంది గదా, అట్లాగే అనుకుని, ఎండ వాలేదాకా అక్కడే కూర్చుంది.