ఎవరూ కొనని వంతెన ఆట

సీలేరు కాలనీలో నేను ఎనిమిదేళ్లు ఉన్నాను. మా ఆయనకు పవర్‌హౌస్‌లో ఉద్యోగం. నాకు కాలనీ బడిలో లెక్కలు, కంప్యూటరు చెప్పే పని. ఇద్దరం విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లమే. రెండువేల దశకం చివరికి కాలనీలోకి ఫోను తీగ మీద ఇంటర్నెట్ వచ్చింది. వాన పడితే అది పోయేది. వాన పడని రోజులు అక్కడ ఎన్నని?

నాకు వీడియో గేములంటే పిచ్చి. ముప్పై దాటిన లెక్కల టీచరు బయటికి చెప్పుకునే సంగతి కాదు కనుక ఎవరికీ చెప్పేదాన్ని కాదు. తొంభైల్లో మా ఇంట్లో టీవీకి తగిలించి ఆడే పెట్టె ఒకటి ఉండేది. ఒక్క క్యాసెట్టులో బోలెడు ఆటలు. మా తమ్ముడు మొదటి నాలుగు దాటి కిందికి దిగేవాడు కాదు. వాడు అన్నానికి లేచినప్పుడు నేను కూర్చుని జాబితా చివరి నుంచి మొదలుపెట్టేదాన్ని. అక్కడ విచిత్రమైనవి దొరికేవి. నత్త ఇల్లు మోసుకుని గోడెక్కే ఆట ఒకటి ఇప్పటికీ గుర్తుంది. దాన్ని ఎవరు చేశారో, ఇంకెవరైనా ఆడారో లేదో తెలియదు. నాకు మాత్రం ఆ వేసవి అంతా దానితోనే గడిచింది.

కాలనీలో రిక్రియేషన్ క్లబ్బు ఉండేది. రెండు క్యారమ్ బల్లలు, పేపర్లు, ఒక టీవీ. ఆ ఏడు పవర్‌హౌస్ ఆఫీసులో పాతబడిన కంప్యూటరొకటి క్లబ్బుకు ఇచ్చారు. క్లబ్బు కార్యదర్శి స్టోర్సులో గుమస్తా. మంచివాడు, హడావుడి మనిషి. "పిల్లలకి ఏవైనా ఆటలు పెట్టండి టీచర్‌గారూ, మీకైతే తెలుస్తుంది" అన్నాడు. సంవత్సరాంతం కావడంతో ఇంటర్నెట్‌లో ఆటలమ్మే దుకాణం ఒకటి వారంపాటు తగ్గింపు ధరలు పెట్టింది. విశాఖలో బ్యాంకులో పనిచేసే మా చెల్లెలి కార్డు మీద కొని తెప్పించవచ్చు. నేను రెండు సాయంత్రాలు కూర్చుని జాబితా అడుగు దాకా వెళ్లి మూడు ఆటలు ఎంచాను. మూడూ ఒక్కరో ఇద్దరో కూర్చుని చేసుకున్న చిన్న ఆటలు.

కార్యదర్శి ఆ జాబితా చూసి మొహం చిట్లించాడు. "వీటి పేర్లే ఎప్పుడూ వినలేదండీ. ఎవరూ కొనకపోబట్టే కదా తగ్గించి అమ్ముతున్నారు?"

"ఎవరూ చూడక కొనలేదండీ. చూసి వదిలేసినవి కావు" అన్నాను.

ఆయన నమ్మలేదు గానీ కాదనలేదు. తను మాత్రం విశాఖ వెళ్లినప్పుడు కార్ల పందెం సీడీ ఒకటి తెచ్చి పెట్టాడు.

నా మూడు ఆటలు దిగడానికి రెండు రోజులు పట్టింది. మధ్యలో ఒకసారి వాన, ఒకసారి లైను మరమ్మతు. తీరా అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కాక, పిల్లలు కార్ల పందెం దగ్గర వరుస కట్టారు. నా ఆటలవైపు ఎవరూ చూడలేదు. వారం ఓపిక పట్టి, తెల్లకాగితం మీద స్కెచ్‌పెన్నుతో రాసి నోటీసు బోర్డుకు అంటించాను:

"కంప్యూటరులో ఇంకో మూడు ఆటలున్నాయి. ఒకటి: వాన కురిసే దీవిలో ఉత్తరాలు పంచే పక్షి ఆట. తొందరేమీ లేదు, ఓడిపోవడం లేదు. రెండు: పడవవాడి ఆట. ఎక్కినవాళ్ల కబుర్లు వినాలి. ఇంగ్లీషు చదవగలిగితే మంచిది. మూడు: లోయ మీద కర్రలతో, ఇనుప తాళ్లతో వంతెన కట్టాలి. కట్టాక దాని మీద రైలు వెళ్తుంది. మీరు కట్టింది సరిగా ఉందో లేదో రైలే చెబుతుంది."

పడవ ఆట ఎవరికీ ఎక్కలేదు. అందులో ఉన్న ఇంగ్లీషంతా చదివే ఓపిక నా ఒక్కదానికే ఉంది. అది నా పొరపాటు ఎంపిక. పక్షి ఆటకు మాత్రం డాక్టరుగారి భార్య తగులుకుంది. మధ్యాహ్నం పిల్లలు బడిలో ఉండగా వచ్చి ఒక గంట ఉత్తరాలు పంచి, చీర సర్దుకుని, ఏమీ జరగనట్టు వెళ్లిపోయేది.

వంతెన ఆట నోటీసు ముందు ఒకరోజు క్రేను ఆపరేటరు నిలబడి ఉన్నాడు. ఆయన్ను అందరం బాబాయి అనేవాళ్లం. గూడెం కొత్తవీధి అవతల కొండమీద ఆయన ఊరు. కుర్రతనంలో ప్రాజెక్టు పనులకు కూలీగా వచ్చి, క్రేను దగ్గర చేతికింద పనిచేసి, చివరికి దాన్నే నడిపే మనిషయ్యాడు. పవర్‌హౌస్‌లో ఏ యంత్రం విప్పాలన్నా, ఇంట్లో గది అంతుండే ఇనుప చక్రాన్ని పైకెత్తి పక్కన పెట్టేది ఆయనే. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. రిటైరవడానికి ఇంకో ఏడాదిన్నర ఉంది.

"ఇదేటి టీచరమ్మా? వంతెన కట్టీడమేటి, ఈ టీవీలోన?" అన్నాడు.

కూర్చోబెట్టి చూపించాను. మౌసు పట్టుకోవడం ఆయనకు అదే మొదలు. "దీనికి బరువే లేదు. సేతిలో ఏటీ లేనట్టే ఉంది" అని రెండుసార్లు వదిలేశాడు. మూడోసారి పట్టుకుని రెండు కర్రలు అడ్డంగా వేశాడు. రైలు వచ్చి మధ్యలోకి చేరగానే అంతా విరిగి లోయలో పడింది. ఆయన పడీపడీ నవ్వాడు. పవర్‌హౌస్‌లో ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరని తర్వాత మా ఆయన చెప్పాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం డ్యూటీ దిగిన వెంటనే వచ్చేవాడు. లోయ తర్వాత లోయ. ఆయన తొందరపడేవాడు కాదు. ముందు చాలాసేపు ఊరికే చూసేవాడు. తర్వాత ఒక్కో కర్ర పెట్టేవాడు. పిల్లలు వెనక నిలబడి, "అక్కడ కాదు తాతా, ఇక్కడ" అంటే, "నువ్వాగు బాబూ, బరువెక్కడ దిగుద్దో సూడనీ" అనేవాడు. మెల్లిగా కార్ల పందెం వరుస పలచబడింది. పోటీ ఏమీ కాదు, తాత వంతెన నిలబడుతుందా కూలుతుందా అని చూడటమే వాళ్లకు సరదా.

ఏడో లోయ దగ్గర గొడవ వచ్చింది. నేను బడి నుంచి వెళ్లేసరికి ఆయన చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. తెర మీద రైలు ఒడ్డుకు చేరి ఉంది. గెలిచాడన్నమాట.

"దాటీసింది కదా బాబాయిగారూ?"

"దాటీసింది. అదే తప్పు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన మళ్లీ మొదటికి తిప్పి చూపించాడు. కర్రలు అయిపోతే ఆ జాగాలో ఇనుప తాడు వేశాడు, ఊరికే ఏమవుతుందో చూద్దామని. పైనుంచి వేలాడదీయలేదు. కింద రాతి మీంచి వంతెన అడుక్కి, దూలానికి ఊతకర్ర పోటు పెట్టినట్టు పెట్టాడు. రైలు దాని మీదుగా హాయిగా వెళ్లిపోయింది.

"తాడు లాగుద్దమ్మా, తొయ్యదు. కింద తాడెట్టి పైన బరువాపమంటే ఆపుద్దేటి? ముప్పై ఏళ్లు తాళ్లతోనే బతికినాను నాను. ఇది పడిపోవాల. పడనేదు."

"పోనీండి, గెలిచారు కదా. తర్వాతి లోయకి వెళ్లండి."

"ఊరుకో టీచరమ్మా. ఇది అబద్ధం గెలుపు. దీన్ని సెరి సెయ్యమని సెప్పు, అప్పుడెల్తాను."

ఎవరికి చెప్పను? ఆట చివర్లో దాన్ని చేసిన మనిషి ఈమెయిలు ఉంది. ఎక్కడో చలిదేశం. బాబాయి క్యాలెండరు కాగితం వెనకవైపు బొమ్మ గీశాడు. కర్ర ఎలా మోస్తుంది, తాడు ఎలా వదులవుతుంది, రెండు బొమ్మలు. వాటిని బడి కెమెరాతో ఫొటో తీసి, నాకు వచ్చిన ఇంగ్లీషులో సంగతంతా రాసి పంపాను. జవాబు రాకపోయినా ఫరవాలేదనుకున్నాను. బాబాయి మాత్రం రోజూ వచ్చి అడిగేవాడు. "ఏటన్నాడు?" "ఇంకా ఏమీ అనలేదు." "పనిలో ఉంటాడులే." ఆ వారం ఆయన ఆట తెరవలేదు. పేపరు చదువుకుని వెళ్లిపోయేవాడు.

జవాబు వచ్చింది. చాలా పొడుగ్గా వచ్చింది. అతను పగలు వేరే ఉద్యోగం చేస్తూ మూడేళ్లు ఒంటరిగా కూర్చుని ఆ ఆట చేశాడట. కొన్నవాళ్లు చాలా తక్కువ. ఉత్తరం రాసినవాళ్లు ఇంకా తక్కువ. తాడు సంగతి నిజమేనని, లెక్కల్లో తాడును కూడా సన్నటి కర్రలాగే పరిగణించానని, ఇన్నాళ్లూ ఎవరూ పట్టుకోలేదని రాశాడు. చివర ఒక ప్రశ్న అడిగాడు: బరువు పడినప్పుడు తాడు ఒక్కసారిగా బిగుస్తుందా, కొంచెం సాగి బిగుస్తుందా?

చదివి వినిపిస్తే బాబాయి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "తెలిసి అడిగీవోడే. మంచి మాటే అడిగినాడు" అన్నాడు. కొత్త తాడు ఎలా ఉంటుంది, పాత తాడు ఎలా ఉంటుంది, బరువు లేచే ముందు అది ఎలా మూలుగుతుంది, ఆ చప్పుడు వింటే ఎప్పుడు ఆగాలో ఎలా తెలుస్తుంది, అన్నీ చెప్పాడు. మూలుగు అనే మాటను ఇంగ్లీషులో పెట్టడానికి నేను చాలా అవస్థ పడ్డాను. అలా రెండు నెలలు ఉత్తరాలు నడిచాయి. మధ్యలో నేను. లెక్కల టీచర్నై ఉండి కూడా, బలాల గురించి కాలేజీలో నేర్చుకున్నదాని కంటే ఆ రెండు నెలల్లోనే ఎక్కువ నేర్చుకున్నాను.

సరిచేసిన ఆట వచ్చిన రోజు శనివారం. క్లబ్బులో ఇరవైమంది దాకా ఉన్నారు. బాబాయి తన పాత ఏడో వంతెన తెరిచి, ఏమీ మార్చకుండా రైలు వదిలాడు. రైలు మధ్యకొచ్చింది. తాడు పాములా వదులై వంగింది. వంతెన మొత్తం ఇంజనుతో సహా లోయలో కూలిపోయింది.

"పడిపోనాది!" అని ఆయన చప్పట్లు కొట్టాడు. "సూసినారా, పడిపోనాది!"

క్యారమ్ ఆడుతున్నవాళ్లు లేచి వచ్చారు. ఓడిపోయి ఇంత సంబరపడే మనిషిని వాళ్లెవరూ చూడలేదు.   కొత్త ఆటలో తాడు బిగిసేటప్పుడు సన్నగా ఒక మూలుగు వినిపిస్తోంది. నేను సరిగ్గా రాయలేకపోయినా అతనికి ఎలాగో అర్థమైంది.

ఆట చివర సాయం చేసినవాళ్ల పేర్లు వేస్తానని, బాబాయి పేరు పంపమని అతను అంతకుముందే అడిగాడు. బాబాయేమో, "నా పేరెవుడికి తెలుసమ్మా అక్కడ? పవర్‌హౌస్ క్రేను అని రాయమను. అది సాలు" అన్నాడు. అలాగే రాశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట తెర మీద పైకి జరుగుతుంటే పిల్లలు గట్టిగా చదివారు.

ఏడో లోయను ఆయన నాలుగు రోజుల్లో నిజంగా గెలిచాడు. తర్వాత మిగిలినవి కూడా.

ఆ వేసవిలో ఆయన భార్య ఊరి నుంచి వచ్చింది. కాఫీ తోట, సామ చేను అన్నీ ఆవిడే చూసుకునేది, కాలనీకి ఎప్పుడో గాని దిగేది కాదు. సంతలో పని చూసుకుని సంచితో సహా క్లబ్బుకొచ్చింది. బాబాయి ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, తన అన్నింటికంటే పొడుగైన వంతెన తెరిచాడు. ఎక్కడ కర్ర, ఎక్కడ తాడు, ఎందుకక్కడ, తమ కొండభాషలో వివరంగా చెప్పాడు. ఆవిడ సంచి ఒళ్లో పెట్టుకుని శ్రద్ధగా వింది. రైలు బయల్దేరాక ఏదో అడిగింది. బాబాయి నావైపు తిరిగాడు.

"ఆ రైల్లోన మనుసులున్నారేటి అని అడుగుతంది టీచరమ్మా."

అన్ని నెలలు ఆ రైలు చూశాం గానీ మా ఇద్దరికీ ఆ ప్రశ్న తట్టలేదు. "ఉంటారు బాబాయిగారూ. రైలన్నాక ఉండరా?" అన్నాను.

ఆయన ఆ మాట భార్యకు చెప్పాడు. ఆవిడ తల ఊపి, తెర దగ్గరికి వంగి, ఆఖరి పెట్టె ఒడ్డు ఎక్కేదాకా రెప్ప వేయకుండా చూసింది.