రిటర్ను గదిలో తెల్లచీర

మొన్న గురువారం మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చానో లేదో, ఫోనుకి ఒక కబురు వచ్చింది. మనవరాలు తన పెళ్లికని ఎక్కడో బెంగళూరు నుంచి తెప్పించుకుంటున్న తెల్ల మేలిముసుగు, మా చిరునామా దొరకనందువల్ల వెనక్కి పంపించేస్తున్నారట. ముప్పై ఏళ్లుగా అమలాపురంలో ఇదే వీధిలో, ఇదే నీలం గేటు వెనకాల ఉంటున్నాం. వీధి మొదట్లో కిళ్లీకొట్టు అతన్ని అడిగినా, చివర్లో ఇస్త్రీ బండి అతన్ని అడిగినా వేలు పెట్టి మరీ చూపిస్తారు. అడిగితే కదా. పోనీలే మామ్మా, మళ్లీ ఆర్డరు పెడదాంలే అని పిల్ల తేలిగ్గా అనేసింది గానీ, నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. చిరునామా దొరకలేదన్న మాట ఎవరితో చెబుతున్నారు? ఉద్యోగంలో చేరిన మొదటి ఆరేళ్లూ ఆ ఒక్క మాటతోనే కుస్తీ పట్టినదాన్ని నేను.

నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన కోనసీమలో ఇంటికొకరు చొప్పున కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండేవారు, ఏడాదికో రెండేళ్లకో వాళ్ల దగ్గర్నుంచి విమానం మీద ఒక అట్టపెట్టె వచ్చేది. చుట్టూ నైలాను తాడు, నాలుగు వైపులా నల్ల మార్కరుతో దిద్ది దిద్ది రాసిన పేరు, లోపల పాలపొడి డబ్బాలు, తలనొప్పి తైలం సీసాలు, టార్చిలైటు, ఎవరి కొలతకీ సరిపోని చొక్కాలు. ఆ పెట్టె బొంబాయిలో దిగి, కస్టమ్స్ వాళ్ల చేతులు దాటి, లారీలో అమలాపురంలో నేను పనిచేసే కార్గో ఆఫీసుకి చేరేది. మా జీపు ఊళ్లోకి వెళితే చాలు, పెట్టె ఎవరింటి ముందు ఆగుతుందా అని వీధి వీధంతా గడపల్లోకి వచ్చి నిలబడేవారు. అందరి పెట్టెలూ అలా ఊరేగింపుగా ఇల్లు చేరినవే అయితే నాకు ఉద్యోగమే ఉండేది కాదు. మూడుసార్లు తిప్పినా మనిషి దొరకని పెట్టెలు వెనకగదిలోకి వచ్చేవి, దాన్ని మేము రిటర్ను గది అనేవాళ్లం, ఆ గదికి తాళంచెవి నా దగ్గర ఉండేది. సోమవారం సోమవారం హైదరాబాదు గోడౌనుకి లారీ వెళ్లేది. దొరకని పెట్టెలన్నీ అందులో ఎక్కి, అక్కణ్ణుంచి మళ్లీ విమానం ఎక్కి, పంపినవాళ్ల దేశానికి పోయేవి. అక్కడా తీసుకునే దిక్కు లేకపోతే ఏమయ్యేవో మాకు ఎవరూ చెప్పలేదు.

మా నాన్నగారు చర్చి బడిలో పంతులుగారు. తాతగారి తరం దాకా ఒకరి పొలంలో కూలికి వెళ్లిన కుటుంబం మాది, అందుకని మా ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమంటే మహా గౌరవం. ఆఫీసులో మేనేజరుగారు సూర్యుడికి నీళ్లు వదలందే కాఫీ ముట్టని మనిషి, రూలు పుస్తకాన్ని కూడా అంతే భక్తితో చూసేవారు. రూలు ప్రకారం రిటర్ను పెట్టెని పంపేముందు ఇద్దరు సాక్షుల ఎదట విప్పి, లోపలున్నవి జాబితా రాసి, మళ్లీ సీలు వేయాలి. ఒక శుక్రవారం అలా విప్పిన పెట్టెల్లో ఒకటి తీయగానే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పైనే మడతపెట్టి ఒక తెల్లచీర, సన్నటి వెండి అంచు, దానికింద తెల్ల జాకెట్టు, తెల్ల వల గుడ్డ.

"అయ్యో పాపం, ఎవరో ఆడకూతురికి పసుపు కుంకాలు పోయినట్టున్నాయమ్మా. చీరా తెలుపే, రవికా తెలుపే," అన్నారాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "ఇంకేం చేస్తాం, సీలు వేసి పక్కన పెట్టెయ్యి."

నాకు నవ్వాగలేదు. పెద్దాయన ముందు నవ్వకూడదని పమిట నోటికి అడ్డం పెట్టుకుని, "కాదండి మేనేజరుగారూ, ఇది మా వాళ్ల పెళ్లికూతురి చీరండి. మాకు పెళ్లికి తెలుపేనండి," అన్నాను. ఆయన నమ్మలేనట్టు చూశారు. చీర మడతలో తెల్ల కాగితం పూల కిరీటం చూపించాను, చేతి మేజోళ్లు చూపించాను. ఆ చూపించడంలోనే నాకు నవ్వు పోయింది, ఎందుకంటే జాకెట్టుకి కింది రెండు హుక్సులూ కుట్టి లేవు, దారం ఎక్కించిన సూది అలాగే గుచ్చి ఉంది. కుట్టిన మనిషి తెమలక, పెట్టె తీసుకెళ్లేవాళ్లు గుమ్మంలో నిలబడితే, మిగిలింది మీరే కుట్టుకోండని అలాగే పెట్టేసి ఉంటుంది. అంటే పెళ్లి దగ్గర్లోనే ఉంది. ఎక్కడో ఒక ఇంట్లో ఒక పిల్ల ఈ చీర కోసం దారి చూస్తోంది, మేమేమో సోమవారం దాన్ని తిరిగి విమానం ఎక్కించబోతున్నాం.

కిరీటానికి కట్టిన చీటీలో చెల్లికి అని మాత్రమే ఉంది, అంటే పంపినది ఎవరో అక్క. కార్గో కాగితంలో ఆవిడ పేరు, తల్లి పేరు, రాజోలు వైపు ఒక ఊరి పేరు ఉన్నాయి. మా జీపు డ్రైవరుగారు ఆ ఊరికి మూడుసార్లు వెళ్లొచ్చారు, ఆ పేర్లు గల కుటుంబమే అక్కడ లేదు. ఇలాంటివి అప్పటికి నేను చాలా చూశాను కనుక సంగతి ఇట్టే అర్థమైంది. అప్పట్లో ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లకి పాస్‌పోర్టు ఏజెంటు చేయించేవాడు, తన పని సులువవుతుందని తన ఊరే వాళ్ల ఊరని వేయించేవాడు, ఒక్కోసారి పేర్లు కూడా తనకి తోచినవే వేయించేవాడు. కువైట్‌లో కార్గో కుర్రాళ్లు పాస్‌పోర్టు చూసి పేరూ చిరునామా దించేసేవారు, ఈవిడకి ఇంగ్లీషు చదవడం వస్తే కదా తప్పని చెప్పడానికి. కాగితం మీద ఫోను నంబరుకి చేశాను. ఎత్తినవాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకి రాదు, రెండోసారి ఎత్తనే లేదు.

అప్పుడు తట్టింది నాకు. మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు, ఫలానావారి అమ్మాయికీ ఫలానావారి అబ్బాయికీ వివాహం నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అని. చర్చిలో చదవకుండా మాలో పెళ్లి జరగదు. ఊరు తెలియకపోతేనేం, ఆదివారం ఉదయం ఏదో ఒక చర్చిలో ఆ పిల్ల బల్ల మీద తలొంచుకుని కూర్చుని తన ప్రకటన వింటూ ఉంటుంది. ఆ ప్రకటన వెనకాలే నా చీటీ కూడా చదివించగలిగితే చాలు.

మేనేజరుగారు రూలు పుస్తకం తిరగేసి, చర్చిలో చీటీలు చదివించకూడదని ఎక్కడా లేదని తేల్చారు గానీ, సోమవారం పదింటికి లారీ మాత్రం ఆగదని చెప్పారు. ఆ సాయంత్రం నాన్నగారూ నేనూ కార్బను కాగితాలు పెట్టి చీటీలు రాశాం. కువైట్ నుంచి అక్క పంపిన పెళ్లిచీర పెట్టె అమలాపురం కార్గో ఆఫీసులో ఉంది, సోమవారం ఉదయం పదిలోగా రావాలి అని, అంతే. పెట్టెలో ఇంకో వస్తువు కూడా ఉంది, దాన్ని మాత్రం కావాలనే రాయలేదు, ఎందుకో చెబుతాను. శనివారం తెల్లవారగానే బస్టాండులో నిలబడి, దారిలో చర్చిల్లో ఇవ్వమని కండక్టర్లందరి చేతుల్లోనూ పెట్టాను. కొత్తపేట బస్సు కండక్టరుగారు చీటీలు జేబులో పెట్టుకుని, "ఆయ్, అలాగేనండి, రేవుల దగ్గర పడవవాళ్లకి కూడా ఇస్తానండి, గోదావరి మధ్య లంకల్లో చర్చిలకి బస్సు వెళ్లదు కదండీ," అన్నారు. నాకు ఆ ఆలోచనే రాలేదు. కోటిపల్లి రేవు దాటి ద్రాక్షారామం వైపు వెళ్లేవాళ్లకి నాన్నగారు తనే సైకిలు మీద వెళ్లి ఇచ్చి వచ్చారు.

సోమవారం ఎనిమిదికి ఆఫీసుకి వెళితే వరండా నిండా జనం. ఒక్క పెళ్లిచీరకి ఆరు కుటుంబాలు. అబద్ధాలాడ్డానికి వచ్చినవాళ్లు ఎవరూ లేరు, అందరికీ కువైట్‌లో ఒక అక్కో మేనత్తో ఉంది, అందరింట్లోనూ రావలసిన పెట్టె ఏదో ఉంది, మనదేనేమో అన్న ఆశ. పాస్‌పోర్టులో ఏ పేరు వేశారో కూడా వాళ్లలో సగంమందికి తెలియదు. అందుకే ఆ వస్తువు దాచాను. పెట్టెలో ఒక పాత బట్ట ఉంది, అదేమిటో చెప్పండి అని ఒక్కొక్కరినీ అడిగాను. ఒకావిడ తువ్వాలంది, ఇంకొకాయన లుంగీ అన్నారు. లేదండీ అని చెప్పిన ప్రతిసారీ నాకే తప్పు చేసినట్టు ఉండేది.

తొమ్మిదిన్నరకి లారీ వచ్చింది. హమాలీలు పెట్టెలు మోయడం మొదలెట్టారు. నేను ఆ పెట్టెకి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాను, ఏం చేస్తారో చెయ్యనీ అని. అప్పుడు మేనేజరుగారు లేచి రూలు పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వెళ్లారు. ఇక నన్ను లేపేస్తారనుకున్నాను. ఆయన నావైపు చూడకుండా లారీ డ్రైవరుతో, "ఆయ్, మూడో పెట్టె బరువు మీద నాకు అనుమానంగా ఉందండి. అన్నీ దింపి మళ్లీ తూయాలండి, రూలు," అన్నారు. ఆ డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు. పదైంది, పదింపావైంది, మా మేనేజరుగారు బంగారం తూస్తున్నంత నెమ్మదిగా తూయిస్తూనే ఉన్నారు.

పదిన్నరకి ఇద్దరు ఆడవాళ్లు మోకాళ్ల దాకా ఇసక బురదతో పరిగెత్తుకుంటూ వచ్చారు. కొత్తపేట అవతల లంకలోంచి, పడవ ఆలస్యమైందట. తల్లి వరండా స్తంభం పట్టుకుని ఆయాసం తీర్చుకుంటోంది. పాత బట్ట సంగతి అడిగితే ఆవిడ కూతురి మొహం చూసింది. ఆ పిల్ల చుట్టూ ఉన్న మగవాళ్లని చూసి సిగ్గుపడి, నా చెవి దగ్గరికొచ్చి చెప్పింది. "నా కొలత జాకెట్టండి. ఊళ్లోవాళ్ల చేత అక్కకి పంపించేనండి. వంకాయ రంగండి. ఎడం చంక కింద చిరిగితే అక్క వెళ్లేముందు పసుపు గుడ్డతో అతుకేసిందండి."

నేను స్టూలు మీంచి లేచాను. పెట్టె విప్పి ఆ జాకెట్టు తీసి ఎడం చెయ్యి ఎత్తి పట్టుకుంటే పసుపు అతుకు అందరికీ కనిపించింది. వరండాలో ఉన్న మిగతా ఐదు కుటుంబాలూ, తమది కాదని తెలిసి కూడా, స్తోత్రం స్తోత్రం అంటూ చప్పట్లు కొట్టారు. తల్లి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. వాళ్ల ఊళ్లో పాస్టరమ్మగారి పెట్టెలో ఒక తెల్లచీర ఉంటుందట, లేనివాళ్ల ఇంట పెళ్లయితే అదే ఇస్తారట, ఊళ్లో సగంమంది అదే కట్టుకుని పెళ్లి చేసుకున్నారట. పెద్దదానికీ అదే కట్టారట. చెల్లికి మాత్రం ఎవరూ కట్టని చీర కడతానని చెప్పి విమానం ఎక్కిందట ఆ అక్క. పెట్టె రాకపోయేసరికి అక్క మరిచిపోయిందని చుట్టాలు సన్నాయి నొక్కులు నొక్కుతుంటే, శనివారమే పాస్టరమ్మగారి చీర తెచ్చి ఇస్త్రీ చేయించి ఉంచారట. పెళ్లి బుధవారం.

బుధవారం నేను సెలవు పెట్టి వెళ్లాను. మేనేజరుగారు కూడా వచ్చారు, చర్చి మెట్ల మీద చెప్పులు విడిచి, వెనక బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. మిగిలిన రెండు హుక్సులూ నేనే కుట్టాను, అక్క గుచ్చి పంపిన అదే సూదితో. ఆ పిల్ల తెల్లచీరలో నడిచి వస్తుంటే నేను కుట్టిన హుక్సులు ఎవరికీ కనిపించవు గానీ, నాకు మాత్రం చర్చి అంతా వాటినే చూస్తున్నట్టు అనిపించింది. జీవితంలో అంత గర్వం నాకు మళ్లీ నా పెళ్లినాడు కూడా కలగలేదు, మా ఆయన చదివితే చదవనివ్వండి. పెళ్లయిన వారానికి ఆ చీర ఉతికి మడతపెట్టి పాస్టరమ్మగారి పెట్టెలో ఇచ్చేశారని తరవాత తెలిసింది, పాతది చీకిపోతోందని.

మొన్నటి సంగతికి వస్తే, ఆటో ఎక్కి నేనే కొరియరు ఆఫీసుకి వెళ్లాను. మా మేలిముసుగు పెట్టె అక్కడే బల్ల మీద, నా కళ్ల ఎదటే ఉంది. అది ఏ ఊరి నుంచి ఏ నిమిషానికి బయల్దేరి ఎక్కడెక్కడ ఆగిందో అన్నీ ఆ అబ్బాయి ఫోనులో చూపించాడు, మంచి పిల్లాడే, నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు కూడా ఇచ్చాడు. ఇంట్లో పెళ్లెవరికి మామ్మగారూ అని మాత్రం అడగలేదు. మీ ఫోనుకి ఒక నంబరు వచ్చింది, అది చెప్పండి అన్నాడు. చెప్పాను, పెట్టె ఇచ్చేశాడు, అరనిమిషం పట్టలేదు. నేనే గెలిచాను, సందేహం లేదు, ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని మహారాణీలా ఇంటికి వచ్చాను. మనవరాలు ఆ నంబరేమిటి మామ్మా అని అడిగితే అప్పటికే మరిచిపోయాను. ఆ పసుపు అతుకు మాత్రం, ఎన్ని కుట్లు వేసిందో కూడా, ఇప్పుడడిగినా చెబుతాను. పదకొండు.