చిల్లుల ఆకు

మా తోటికోడలు పోయి రెండు నెలలైంది. దగ్గు దగ్గంటూ ఆస్పత్రికి వెళ్ళింది, నాలుగో రోజున అక్కడే పోయింది. అక్కా అని పిలిచేదాన్ని. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను గానీ, ముందు ఒకటి చెప్పేస్తాను. ఆవిడంటే నాకు కుళ్ళు.

నగలకి కాదు, చీరలకీ కాదు. ఒక మొక్కకి. అనకాపల్లిలో మా ఇళ్ళు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో చిన్న వాకిలి. ఒకే రోజు, ఒకే నర్సరీలో చెరొకటీ కొనుక్కున్నాం. మాన్‌స్టెరా అంటారట, ముదిరేకొద్దీ ఆకులకి చిల్లులు పడతాయి. ఆవిడ హాల్లో ఒక్కో ఆకూ చేటంత అయింది, నిండా చిల్లులే. నాదానికి తమలపాకులంత ఆకులు, ఒక్క చిల్లు లేదు. ఆకుకి చిల్లులు పడలేదని ఏడ్చిన ఆడదాన్ని ఊరు మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

వచ్చినవాళ్ళంతా "పెద్దకోడలి చెయ్యి మంచిది" అనేవారు. అంటే నాది కాదనేగా!

"ఏటి వేస్తున్నావక్కా దానికి?" అని అడిగితే, "ఏటీ లేదే. మట్టిలో వేలు పెట్టి సూడు, తడి తగిలితే చెయ్యి కడుక్కుని ఎల్లిపో" అనేది. నమ్మితే ఒట్టు. దాస్తోందనుకున్నాను. ఒకరోజు ఆ కుండీ పక్కన గ్లాసులో గోధుమరంగు నీళ్ళు కనబడ్డాయి. దొరికింది దొంగ! మాది బెల్లం వ్యాపారం, ఇంట్లో దేనికి లోటున్నా బెల్లానికి లోటుండదు. నెల్లాళ్ళు నా మొక్కకి బెల్లం నీళ్ళు పోసేను. చీమలు కుండీ నుంచి టీవీ దాకా దారి వేసేయి. ఆకులు పసుపెక్కి వేలాడిపోయేయి.

అక్క వచ్చి చూసి, సంగతి విని, గోడ పట్టుకుని నవ్వింది. "అది నా దగ్గుకి కాసుకున్న మిరియాల కషాయమే, పిచ్చిమొహమా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మాత్రం కొంగు బిగించి వాకిట్లో కూర్చుంది. కుండీని పక్కకి పడుకోబెట్టి, తట్టి, మొక్కని మట్టితో సహా బయటికి తీసింది. కుళ్ళిన వేళ్ళు కత్తెరతో తీసేసి, మిగిలినవి కుళాయి కింద కడిగింది. ఎర్రమట్టీ, ఇసకా, కొబ్బరిపొట్టూ కలిపింది. నేను పెద్ద కుండీ తెస్తే వెనక్కి తోసేసింది. "గది పెద్దదైతే మనిషి పెరుగుతాడేటే? దీనికి వేలెడు జాగా ఎక్కువుంటే సాలు." మొక్క బతికింది. పేరు మళ్ళీ ఆవిడకే వచ్చింది.

కర్మలయ్యాక, బావగారిని తన దగ్గరికి తీసుకెళ్తూ వాళ్ళమ్మాయి, "పిన్నీ, అమ్మ మొక్క నువ్వు తీసుకో, మా ఫ్లాట్‌లోకి వెలుతురు రాదు" అంది. దాచను, అందరూ కళ్ళు తుడుచుకుంటున్న ఆ ఇంట్లో నాకు లోలోపల సంతోషమేసింది.

ఇంటికి తెచ్చేక మొదలైంది గుండెదడ. కుండీ అడుగు కన్నాల్లోంచి వేళ్ళు బయటికొచ్చేసేయి, మార్చక తప్పదు. నా చేతిలో చస్తే ఇంకేముంది, అక్క మొక్కని కూడా చంపేసిందంటారు. ఆవిడ చేసినట్టే పడుకోబెట్టేను, తట్టేను. గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్ళని కత్తిరించేను. వేలెడు పెద్ద కుండీలోనే పెట్టేను. ఆ తర్వాత రోజూ నీళ్ళు పొయ్యాలని చెయ్యి దురద పెట్టేది. వేలు పెట్టి, తడి తగిలితే చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేదాన్ని.

నెల దాటేక కొత్తాకు చుట్టలా లేచింది. పది రోజుల కిందట విప్పుకుంది. నిండా చిల్లులు! మా ఆయన్ని కేకేసి చూపించేను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఎంతైనా వదిన చెయ్యి" అన్నారు.

చూశారా! కోసింది నేను, పోసింది నేను. పోయి కూడా పేరు కొట్టేసింది. వెళ్ళి పోట్లాడదామని లేచి గుమ్మం దాకా నడిచేను కూడా. అప్పుడు గుర్తొచ్చి ఏడ్చేను.

ఆ ఆకు కిటికీ వైపు తిరిగి విప్పుకుంది. కిటికీ అవతల అక్క ఇల్లు, దానికి తాళం. నేను కుండీని నా కుర్చీ వైపు తిప్పి పెడతాను. నాలుగు రోజులకి ఆకు మళ్ళీ నాకు వీపు పెట్టి అటే చూస్తూ ఉంటుంది.