సముద్రంలోకి జరిపిన తీరం

ఇన్నేళ్లుగా దీన్ని లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరైనా నన్ను మంచివాడంటే మాట మార్చేస్తాను. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. మెదక్‌లో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. నేనూ, కుల్చారం నుంచి వచ్చే నరేందరూ కలిసి ఉపగ్రహం ఫొటోల్లో ఓడల్ని గుర్తుపట్టే ప్రాజెక్టు చేశాం. ఉపగ్రహం తీసిన ఫొటోలన్నీ కిందికి దింపి చూసేసరికి గంటలు గడుస్తాయి, ఓడ ఎటో పోతుంది. అందుకని పైన ఉపగ్రహంలోని చిన్న కంప్యూటరే ఓడను గుర్తుపట్టాలి. మెట్లు మూడు. ఒకటి, తీరం గీత గీసి నేలను వదిలెయ్యడం. రెండు, మిగిలిన నీళ్లలో ఓడల్ని వెతకడం. మూడు, ఓడ ఉన్న ముక్కను మాత్రమే కిందికి పంపడం. మూడూ రాసింది నేనే.

ఒకరోజు మా సారు, "నువ్వేం చేసినవ్?" అని నన్ను అడిగాడు. నరేందర్ అందుకున్నాడు.

"టైపింగ్ సార్. మనోడు మస్తు స్పీడ్."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వాను? అతని మాటకన్నా నా నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది.

హైదరాబాద్ నుంచి ఒక పరిశోధనశాల వాళ్లు వస్తారనీ, ఉద్యోగంలోకి ఒక్కరినే తీసుకుంటారనీ తెలిసింది. ప్రాజెక్టు గురించి మాట్లాడేది నరేందరే. వాళ్లొచ్చే ముందురోజు నేను ప్రోగ్రాంలో తీరం గీతను కొంచెం సముద్రంలోకి జరిపాను. అప్పుడు ఒడ్డున ఆగిన ఓడలన్నీ నేల లెక్కలోకి పోతాయి. నరేందర్ ప్రోగ్రాం తెరిచి చూడడని నాకు తెలుసు.

మర్నాడు తెర మీద ఓడరేవు ఫొటో. వరసగా ఓడలు. మా ప్రోగ్రాం సున్నా అంది.

"ఏమయ్యా, ఒక్క ఓడ కూడా లేదా?" అన్నాడు వచ్చినాయన.

"ఇయ్యాల బంద్ ఉన్నదేమో సార్!" వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు.

అప్పుడు నన్ను చూసి నవ్విన నోళ్లే ఇప్పుడు అతన్ని చూసి నవ్వాయి. "జర ఆగుండ్రి సార్" అంటూ అతను కీబోర్డు మీద ఏవేవో నొక్కాడు. నేను తొందరపడలేదు. ఆ నవ్వు పూర్తిగా అయిపోనిచ్చి, అప్పుడు లేచి వెళ్లి గీతను వెనక్కి జరిపాను. ఓడలన్నీ దొరికాయి. నన్ను తీసుకున్నారు.

బయట నరేందర్ నా చెయ్యి పట్టుకున్నాడు. "నా ఇజ్జత్ కాపాడినవ్ రా."

"దోస్తువి కదరా" అన్నాను.

ఇప్పుడు అతనికి చేగుంటలో ఎరువుల దుకాణం ఉంది. ఎవరొచ్చినా నా గొప్ప చెబుతాడట. పశ్చాత్తాపం ఉందా అని నన్ను నేనే అడుగుతాను. ఆ టైపింగ్ మాట గుర్తొస్తే, నిజం చెబుతున్నాను, అతనికి జరగాల్సిందే జరిగిందని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ అతని అవకాశం తీసుకున్నవాడిని, అతని కృతజ్ఞత కూడా ఎందుకు తీసుకున్నాను? చెయ్యి విదిలించుకుని ఉంటే కనీసం పగ పగలాగే మిగిలేది.

క్షమించమని అడగను. ప్రోగ్రాంలో ఆ తప్పు పెట్టింది నేనే. ఇన్నేళ్లలో ఈ మాట రాయడం ఇదే మొదటిసారి. కొంచెం ఊపిరి ఆడుతోంది.